పాస్‌పోర్టు ఒకటి, జెర్సీ ఇంకొకటి: ఆటగాడి దేశం ఏదో ఎవరు తేలుస్తారు?

2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో క్రికెట్ ఉంటుందని 2023 అక్టోబరులో ముంబై సమావేశంలో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఖరారు చేసింది. అప్పటి నుంచి తిరుపతి టీకొట్ల దగ్గర ఒక వాదన తెగడం లేదు. పురుషుల్లో ఆరు జట్లు, మహిళల్లో ఆరు జట్లు, టీ20 పద్ధతి. ఇంతవరకు అందరికీ తెలుసు. "వెస్టిండీస్ ఉండదంట కదా" అని ఒకరు మొదలుపెడతారు. "అదెట్లా కుదురుతుంది? 75లో, 79లో వరల్డ్ కప్ ఎత్తినోళ్లు" అని ఇంకొకరు. ఇంగ్లండ్ కూడా ఆ పేరుతో రాదని మూడో ఆయన అనగానే కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఇందులో తికమక సహజమే. ఒక ఆటగాడు ఏ దేశం వాడు అన్నది చూడ్డానికి ఒకే ప్రశ్న. లోపల మాత్రం మూడు ప్రశ్నలున్నాయి. మూడింటికీ జవాబు చెప్పేవాళ్లు వేరు.

## పౌరసత్వం, సభ్యత్వం, అర్హత

మొదటిది పౌరసత్వం. పాస్‌పోర్టు ఏ దేశానిది? ఇది ప్రభుత్వాలు తేల్చే సంగతి. రెండోది సభ్యత్వం. ఆ దేశానికో ప్రాంతానికో సొంత జట్టు పెట్టుకునే హక్కు ఉందా? దీన్ని ఒలింపిక్ కమిటీ, ఫుట్‌బాల్‌ను నడిపే ఫిఫా, క్రికెట్‌ను నడిపే ఐసీసీ ఎవరికి వాళ్లే తేలుస్తారు. ఒకరి నిర్ణయం ఇంకొకరికి వర్తించదు. మూడోది అర్హత. ఈ మనిషి ఇంతకు ముందు వేరే జట్టుకు ఆడాడా, ఆడి ఎన్నేళ్లయింది? ఇది ఆయా క్రీడల రూల్ బుక్‌లో ఉంటుంది.

వెస్టిండీస్ చిక్కు రెండో ప్రశ్న దగ్గర వస్తుంది. ఆ పేరుతో దేశం లేదు. బార్బడోస్, జమైకా, ట్రినిడాడ్, ఆంటిగ్వా దీవుల వాళ్లు, దక్షిణ అమెరికా ఖండం మీదున్న గయానా వాళ్లు కలిసి ఆడే జట్టు అది. 1928లో తొలి టెస్టు ఆడేనాటికి అవన్నీ బ్రిటిష్ వలసలు. 1958లో చాలా దీవులు కలిసి ఒక సమాఖ్యగా ఏర్పడ్డాయి, 1962కల్లా అది చెదిరిపోయింది. ఎవరి స్వాతంత్ర్యం వాళ్లు తెచ్చుకున్నారు. దేశం నిలవలేదు, జట్టు నిలిచింది. ఐసీసీకి దాంతో ఇబ్బంది లేదు. ఒలింపిక్ కమిటీ దగ్గర మాత్రం జమైకాకు ఒక జాతీయ ఒలింపిక్ కమిటీ, బార్బడోస్‌కు ఇంకో కమిటీ ఉన్నాయి, వెస్టిండీస్‌కు ఏదీ లేదు. ఇది కొత్తగా వచ్చిన సమస్య కూడా కాదు. 1998 కౌలాలంపూర్ కామన్వెల్త్ క్రీడల్లో క్రికెట్ పెట్టినప్పుడు బార్బడోస్, జమైకా, ఆంటిగ్వా విడివిడిగానే దిగాయి.

ఇంగ్లండ్‌ది దీనికి అద్దంలో బొమ్మలాంటి కథ. క్రికెట్‌లో, ఫుట్‌బాల్‌లో ఇంగ్లండ్, స్కాట్లండ్ వేర్వేరు జట్లు. ఒలింపిక్స్‌కు వచ్చేసరికి అంతా గ్రేట్ బ్రిటన్. ఐర్లండ్‌లో ఇంకో మెలిక ఉంది. క్రికెట్ జట్టు ఒకటే, అందులో ఐర్లండ్ రిపబ్లిక్ వాళ్లూ ఉంటారు, బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లండ్ వాళ్లూ ఉంటారు. గోల్ఫ్ ఆటగాడు రోరీ మెకిల్‌రాయ్‌ది ఉత్తర ఐర్లండ్. ఒలింపిక్స్‌కు బ్రిటన్, ఐర్లండ్‌లలో దేన్నైనా ఎంచుకోవచ్చు. టోక్యోలో ఐర్లండ్‌కు ఆడాడు.

రాజకీయ పటం, ఆటల పటం ఒకేలా ఉండాలని రూలేమీ లేదు. మనకూ అనుభవమే. 2014లో రాష్ట్రం విడిపోయినా రంజీ ట్రోఫీలో జట్ల పేర్లు మారలేదు. ఆంధ్ర, హైదరాబాద్ అంతకు దశాబ్దాల ముందు నుంచే వేర్వేరు జట్లు.

## 1996లో మూసిన తలుపు

ఒలింపిక్ కమిటీ నిబంధనల పుస్తకమైన ఒలింపిక్ చార్టర్‌లో 'దేశం' అంటే అంతర్జాతీయ సమాజం గుర్తించిన స్వతంత్ర రాజ్యం అని ఉంటుంది. ఈ కట్టుబాటు 1996 నుంచి వచ్చింది. అప్పటికే లోపల ఉన్నవాళ్లను ఎవరూ బయటికి పంపలేదు. అందుకే ప్యూర్టోరికో ఇప్పటికీ సొంత జెండాతో వస్తుంది. అక్కడివాళ్లు 1917 నుంచి అమెరికా పౌరులే. అయినా 2016 రియోలో టెన్నిస్‌లో మోనికా పుయిగ్ గెలిచిన స్వర్ణం అమెరికా లెక్కలోకి పోలేదు, ప్యూర్టోరికోకు తొలి ఒలింపిక్ స్వర్ణం అయింది. హాంకాంగ్, బెర్ముడా, గువామ్‌లదీ ఇదే తీరు.

డెన్మార్క్ కింద ఉన్న ఫారో దీవులకు ఆ అదృష్టం లేదు. ఫిఫాలో 1988 నుంచి సభ్యత్వం ఉంది కాబట్టి ఫుట్‌బాల్ ప్రపంచ కప్ క్వాలిఫయర్లు సొంత పేరుతో ఆడుకుంటాయి. ఒలింపిక్స్‌లో మాత్రం అక్కడి ఈతగాడు డెన్మార్క్ టోపీ పెట్టుకుని దూకాల్సిందే. డెన్మార్క్‌దే అయిన గ్రీన్‌లాండ్ ఉత్తర అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్యలో సభ్యత్వం అడిగితే 2025 జూన్‌లో కాదన్నారు.

ఈ నిబంధన సబబే అనిపించేవాళ్లు ఒక్కసారి 1928కి వెళ్లి చూడాలి. ఆంస్టర్‌డామ్‌లో భారత హాకీ జట్టు తొలి స్వర్ణం గెలిచింది. 1932లో, 1936లో మళ్లీ గెలిచింది. అప్పుడు మనం స్వతంత్ర రాజ్యం కాదు. నేటి నిర్వచనమే ఆనాడు ఉండి ఉంటే, ధ్యాన్‌చంద్ మూడు స్వర్ణాలు భారత్ పేరున ఉండేవి కావు. సొంత జట్టు కావాలంటున్న ప్రాంతాల వాళ్లు మన ఉదాహరణను ఎందుకు పెద్దగా వాడుకోరో నాకైతే అర్థం కాదు.

ఒలింపిక్ కమిటీ వైపు వాదన కూడా వినాలి. ప్రతి దేశంలోనూ విడిపోతామనే ప్రాంతాలున్నాయి. ఎవరికి ఇవ్వాలో, ఎవరికి కాదో తేల్చే పని క్రీడా సంస్థ నెత్తిన పెట్టుకుంటే రేపు ప్రభుత్వాలు ఒక్కొక్కటీ క్రీడల్ని బహిష్కరిస్తాయి. అందుకని ఆ తీర్పును రాజ్యాలకే వదిలేసింది.

## ఊరు అక్కడే, సరిహద్దు ఇంకో చోట

చిత్తూరు జిల్లా వాళ్లకు ఈ సంగతి పుస్తకం చూసి చెప్పక్కర్లేదు. 1953 వరకు మద్రాసులో ఉన్నాం. ఆ తర్వాత ఆంధ్ర రాష్ట్రం. 1960లో తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది. ఎవరూ ఇల్లు మారలేదు, చిరునామా మాత్రం మారింది.

దేశాల మధ్య ఇదే జరిగితే ఆటగాడు ఏం కావాలి? ఒలింపిక్ చార్టర్ జవాబు సూటిగానే ఉంది. ఒక ప్రాంతం విడిపోయి కొత్త దేశమైతే, ఆటగాడు పాత దేశానికే ఆడుతూ పోవచ్చు, లేదంటే కొత్త దేశపు కమిటీకి గుర్తింపు వచ్చాక అటు మారవచ్చు. ఈ అవకాశం ఒక్కసారే.

మన ఉపఖండంలో ఇది రూలు లేకుండానే జరిగిపోయింది. 1946లో అబ్దుల్ హఫీజ్ పేరుతో భారత జట్టులో ఇంగ్లండ్ టూర్ ఆడిన మనిషే, 1952లో ఢిల్లీలో భారత్ మీద పాకిస్తాన్ తొలి టెస్టుకు అబ్దుల్ హఫీజ్ కర్దార్ పేరుతో కెప్టెన్‌గా టాస్‌కు వచ్చాడు. హాకీలో 1936 బెర్లిన్ స్వర్ణ జట్టులో ఉన్న అలీ దారా 1948 లండన్‌లో పాకిస్తాన్ కెప్టెన్. పన్నెండేళ్ల తేడాతో ఒకే మనిషి, రెండు జెర్సీలు.

సోవియట్ యూనియన్ కూలినప్పుడు ఏర్పాటు ఇంకా విచిత్రం. 1992 బార్సిలోనాకు పన్నెండు రిపబ్లిక్‌లు ఒక్క జట్టుగా వచ్చాయి. బాల్టిక్ దేశాలు మూడూ అప్పటికే విడిగా దిగాయి. జిమ్నాస్ట్ విటాలీ షెర్బో ఆ క్రీడల్లో ఆరు స్వర్ణాలు గెలిచాడు. టీమ్ స్వర్ణం అందుకున్నప్పుడు పైకి లేచింది ఒలింపిక్ జెండా. సొంతంగా గెలిచినప్పుడు లేచింది బెలారుస్ జెండా. అదే హాలు, అదే వారం, అదే మనిషి. యుగోస్లావియా వాళ్లది ఇంకా కష్టం. ఐక్యరాజ్యసమితి ఆంక్షల వల్ల వాళ్ల జట్లను రానివ్వలేదు, వ్యక్తిగత క్రీడాకారులు మాత్రం 'స్వతంత్రులు'గా ఆడారు. అదే ఏడాది యూరో ఫుట్‌బాల్ నుంచి ఆ జట్టును తీసేసి డెన్మార్క్‌ను పిలిస్తే, డెన్మార్క్ ఏకంగా కప్పు పట్టుకుపోయింది.

## ఉద్యమం ఇంకా నడుస్తుంటే

దేశం వచ్చేసిన తర్వాత రూలు ఉంది. రాక ముందు, వచ్చీ రానట్టున్న మధ్య కాలంలో ఏమిటి? అసలు ఇబ్బంది అక్కడే.

కొసొవో 2008 ఫిబ్రవరిలో సెర్బియా నుంచి స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. సెర్బియా ఒప్పుకోలేదు, ఐక్యరాజ్యసమితిలో ఇప్పటికీ సభ్యత్వం లేదు. ఆ దేశపు జూడో క్రీడాకారిణి మైలిండా కెల్మెండి 2012 లండన్‌లో అల్బేనియా తరఫున పోటీపడింది. 2013లో ప్రపంచ చాంపియన్‌షిప్‌ను కొసొవో పేరు మీద గెలిచింది. మరుసటి ఏడాది పోటీ రష్యాలో. అక్కడ కొసొవో పేరు చెల్లదు, అంతర్జాతీయ జూడో సమాఖ్య జెండా కింద మళ్లీ గెలిచింది. 2014 డిసెంబరులో ఒలింపిక్ కమిటీ గుర్తింపు వచ్చింది, 2016 రియోలో కొసొవోకు తొలి ఒలింపిక్ పతకం, అదీ స్వర్ణం, తెచ్చింది ఆమే. నాలుగేళ్లలో మూడు జెండాలు. ఆమె మాత్రం ఊరు కూడా మారలేదు.

గువోర్ మరియల్ కథలో మాత్రం మనిషే దూరం జరిగాడు. చిన్నప్పుడే సుడాన్ అంతర్యుద్ధం నుంచి తప్పించుకుని అమెరికా చేరాడు, ఆ యుద్ధంలో తోబుట్టువులను పోగొట్టుకున్నాడు. 2011 జులైలో దక్షిణ సుడాన్ పుట్టింది. అతను మారథాన్‌కు అర్హత సాధించేనాటికి ఆ దేశానికి జాతీయ ఒలింపిక్ కమిటీ లేదు. అమెరికా పౌరసత్వం ఇంకా రాలేదు. సుడాన్ తరఫున పరుగెత్తమంటే ససేమిరా అన్నాడు. చివరికి 2012 లండన్‌లో ఒలింపిక్ జెండా కింద పరుగెత్తి 47వ స్థానంలో వచ్చాడు. దక్షిణ సుడాన్‌కు ఫిఫా సభ్యత్వం 2012లోనే వస్తే, ఒలింపిక్ గుర్తింపు 2015 దాకా రాలేదు. అంటే మధ్యలో మూడేళ్లు, ఫుట్‌బాల్ ఆటగాడికి దేశం ఉంది, పరుగు వీరుడికి లేదు.

స్పెయిన్‌లో భాగమైన కాటలోనియాలో దేశం రాలేదు, కానీ ఒత్తిడి మాత్రం ఆటగాళ్ల మీద పడింది. స్పెయిన్‌తో 2010 ప్రపంచ కప్, 2012 యూరో గెలిచిన జెరార్డ్ పికే, 2017 అక్టోబరు 1న కాటలోనియా స్వాతంత్ర్యంపై జరిగిన రెఫరెండంలో ఓటు వేశాడు. తర్వాత జాతీయ జట్టు ప్రాక్టీసుకు వెళితే స్పెయిన్ అభిమానులే ఈలలు వేసి గోల చేశారు. జట్టుకు తనవల్ల ఇబ్బందైతే తప్పుకుంటానని చెప్పాడు. 2018 ప్రపంచ కప్ తర్వాత జాతీయ జట్టు నుంచి రిటైరయ్యాడు. అతనికి పాస్‌పోర్టు సమస్య లేదు, రూల్ బుక్ సమస్య లేదు. ఎటువైపు అన్న ప్రశ్న ఒక్కటే సమస్య.

తైవాన్‌ది నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే ఉదాహరణ. టోక్యో బ్యాడ్మింటన్ సెమీఫైనల్లో సింధును ఓడించిన తై జు యింగ్ మనందరికీ గుర్తే. స్కోరు పలకలో ఆమె పేరు పక్కన ఉన్నది టీపీఈ, అంటే చైనీస్ తైపీ. తైవాన్ అన్న పేరు, ఆ దేశపు జెండా, గీతం ఒలింపిక్స్‌లో కనబడవు, వినబడవు. 1981లో కుదిరిన ఒప్పందం అది. చైనా కూడా ఆడాలి, వీళ్లు కూడా ఆడాలి అన్న రాజీ. 'తైవాన్' పేరుతోనే పోటీపడదామా అని 2018 నవంబరులో అక్కడ రెఫరెండం పెట్టారు. అసలు ఆడే అవకాశమే పోతుందేమోనని కొందరు క్రీడాకారులే వద్దన్నారు. ప్రతిపాదన ఓడిపోయింది. స్వాతంత్ర్యవాదుల దృష్టిలో అది లొంగుబాటు. పేరు కోసం ఒక తరం ఆటగాళ్ల కెరీర్ పణంగా పెట్టడం న్యాయమా అన్నది ఎదుటివాళ్ల ప్రశ్న. రెండూ గట్టి వాదనలే. అయితే పణం పెట్టేది ఆటగాళ్లది కాబట్టి, వాళ్ల మాటకు కాస్త ఎక్కువ బరువు ఉండాలని నేననుకుంటాను.

## పాస్‌పోర్టు మార్చినా వెంటనే ఆడనివ్వరు ఎందుకు?

పౌరసత్వం మార్చుకున్న ఆటగాడు పాత దేశానికి చివరిసారి ఆడి మూడేళ్లు దాటితేనే కొత్త దేశం తరఫున ఒలింపిక్స్‌లో దిగాలి. ఇది ఒలింపిక్ చార్టర్ 41వ నిబంధన కింది మాట. రెండు దేశాల కమిటీలు, ఆ క్రీడ సమాఖ్య ఒప్పుకుంటే గడువు తగ్గించవచ్చు, పూర్తిగా ఎత్తేయనూ వచ్చు. అథ్లెటిక్స్‌లో 2017లో దేశం మార్పులన్నీ ఆపేసి, 2018లో కొత్త రూల్స్ తెచ్చారు. మూడేళ్ల గడువు, కనీసం 20 ఏళ్ల వయసు, మార్పు ఒక్కసారే. డబ్బున్న దేశాలు ఆఫ్రికా పరుగు వీరులను కుర్రతనంలోనే కొనేసుకుంటున్నాయన్న ఆరోపణ దీనికి కారణం.

గడువు లేకపోతే ఏమవుతుందో 1984 చూపించింది. వర్ణవివక్ష వల్ల దక్షిణాఫ్రికా మీద నిషేధం ఉన్న రోజులు. అక్కడి జోలా బడ్ అనే 17 ఏళ్ల పరుగు క్రీడాకారిణికి తాత బ్రిటిష్ వాడన్న ఆధారంతో, దరఖాస్తు చేసిన కొద్ది రోజులకే బ్రిటన్ పాస్‌పోర్టు ఇచ్చేసింది. బ్రిటన్‌లోనే గగ్గోలు పుట్టింది. గడువు ఉంటే ఏమవుతుందో విల్సన్ కిప్‌కెటర్ చెబుతాడు. కెన్యాలో పుట్టి డెన్మార్క్‌లో స్థిరపడ్డాడు, 1995లో డెన్మార్క్ తరఫున 800 మీటర్ల ప్రపంచ చాంపియన్ అయ్యాడు. అయినా మరుసటి ఏడాది అట్లాంటా ఒలింపిక్స్‌ను బయట నుంచే చూశాడు. డెన్మార్క్ పౌరసత్వం ఇంకా పూర్తి కాలేదు. పరుగు వీరుడి మంచి కాలం ఎంత? ఐదారేళ్లు. అందులో మూడు కాగితాలకే పోతే మిగిలేదేమిటి?

దేశమే వెనక్కి రానివ్వని వాళ్లకు, దేశం వదిలి పారిపోయిన వాళ్లకు 2016 నుంచి శరణార్థుల జట్టు ఉంది. 2024 పారిస్‌లో బాక్సర్ సిండీ ఎన్‌గాంబా ఆ జట్టుకు తొలి పతకం తెచ్చింది.

## పుత్తూరు కుర్రాడు, అతని కూతురు

ఇప్పుడు ఊహకు ఒక ఉదాహరణ వేసుకుందాం. పుత్తూరు నుంచి ఒక కుర్రాడు 2024 ఆగస్టులో ఎంఎస్ చదవడానికి టెక్సస్ వెళ్లాడు. ఎడమచేతి స్పిన్నరు. వారాంతంలో లీగ్ క్రికెట్ ఆడుతూ సెలెక్టర్ల కళ్లలో పడ్డాడు.

ఐసీసీ రూలు ప్రకారం పాస్‌పోర్టు లేకపోయినా, మూడేళ్లు అక్కడే నివాసం ఉంటే అమెరికాకు ఆడవచ్చు. 2027 ఆగస్టుకల్లా అతను అర్హుడు. టీ20 వరల్డ్ కప్ ఆడవచ్చు. 2024లో డల్లాస్‌లో పాకిస్తాన్‌ను అమెరికా ఓడించిన రోజు సూపర్ ఓవర్ వేసిన సౌరభ్ నేత్రావల్కర్ 2010లో భారత అండర్-19 ఆటగాడే.

అదే కుర్రాడు 2028 ఒలింపిక్స్ ఆడగలడా? కుదరదు. అక్కడ పౌరసత్వం తప్పనిసరి. దానికి ముందు గ్రీన్ కార్డు, గ్రీన్ కార్డు వచ్చాక మామూలుగా ఐదేళ్లు. భారత్‌లో పుట్టినవాళ్లకు గ్రీన్ కార్డు క్యూ ఎంత పొడవో తిరుపతిలో ప్రతి వీధిలో ఎవరో ఒకరి అమ్మానాన్నలు చెబుతారు.

ఎప్పటికో పౌరసత్వం వచ్చిందనుకుందాం. ఆ క్షణాన, 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, భారత పౌరసత్వం పోతుంది. పాత పాస్‌పోర్టును సరెండర్ చేయాలి, రద్దు ముద్ర కొట్టి తిరిగిస్తారు. ఆ ముద్ర పడ్డ పాస్‌పోర్టును బీరువాలో పట్టుచీరల కింద దాచుకున్న ఇళ్లు నేను చూశాను. బదులుగా తీసుకునే ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) పేరులో 'సిటిజన్' ఉన్నా అది పౌరసత్వం కాదు. జీవితాంతం చెల్లే వీసా, కొన్ని సౌకర్యాలు. అంతే.

అతనికి అక్కడే కూతురు పుట్టింది. పుట్టుకతో అమెరికా పౌరురాలు, ఓసీఐ కార్డు ఉంది. బ్యాడ్మింటన్ బాగా ఆడుతుంది. పదిహేనో ఏట తాతగారింటికి వచ్చేసి ఇక్కడే శిక్షణ మొదలుపెట్టింది. భారత్‌కు ఆడవచ్చా? ఆడకూడదు. 2008 డిసెంబరు నుంచి కేంద్రం విధానం ప్రకారం భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లే భారత్‌కు ప్రాతినిధ్యం వహించాలి. ఆమె పౌరసత్వానికి దరఖాస్తు చేయాలంటే ఓసీఐగా ఐదేళ్లు, దరఖాస్తుకు ముందు ఏడాది భారత్‌లో నివాసం ఉండాలి. ఆ రెండూ ఆమెకు కుదిరాయి. కానీ ఆ దారికి మేజర్ అయి ఉండాలి. అంటే 18 నిండే దాకా ఆగాలి, అమెరికా పౌరసత్వం వదులుకోవాలి. జూనియర్ స్థాయిలో భారత్ జెర్సీ ఆశ వదులుకోవలసిందే. వచ్చే ముందు అమెరికా తరఫున ఖండ స్థాయి పోటీలేమైనా ఆడి ఉంటే ఆ రోజు నుంచి మూడేళ్ల గడువు అదనం.

## ఓసీఐలకు తలుపు తీయాలా?

ఫుట్‌బాల్ వాళ్లు గట్టిగా తీయమంటున్నారు. జాతీయ జట్టు కోచ్‌గా ఉన్నప్పుడు ఇగోర్ స్టిమాక్ పదే పదే అడిగాడు. ఫిలిప్పీన్స్, ఇండొనేసియా విదేశాల్లో పుట్టిన తమ వాళ్లను తెచ్చుకుని జట్లను బలపరుచుకున్నాయి. ఇప్పటి రూలుతో మనకు దొరికేది ఒకరిద్దరే. జపాన్‌లో పుట్టిన ఇజుమి అరాటా ఆ పౌరసత్వం వదులుకుని 2013లో భారత్‌కు ఆడాడు. 2025లో ఆస్ట్రేలియాలో పుట్టిన ర్యాన్ విలియమ్స్ అదే పని చేశాడు.

వద్దనేవాళ్ల మాట కూడా తేలిగ్గా తీసేయలేం. యూరప్ అకాడమీల్లో తయారై వచ్చినవాడు నేరుగా జట్టులోకి వస్తే, చిత్తూరు మెసానికల్ మైదానంలో దుమ్ములో ఆడే పిల్లాడికి చోటెక్కడిది? రెండు పాస్‌పోర్టులు ఉన్నవాడు ఓడితే వెళ్లిపోతాడు, ఇక్కడి వాడికి వెళ్లే చోటు లేదు అన్నది వాళ్ల లెక్క. నాకు తోచినంతవరకు పిల్లల విషయంలోనైనా ఒక మినహాయింపు ఉండాలి. పదిహేనేళ్ల అమ్మాయి ఎక్కడ పుట్టాలో తను ఎంచుకోలేదు.

## గుర్తించని దేశం ఆటగాడు గేటు దగ్గరికొస్తే

ఇవన్నీ వేరేవాళ్ల గొడవలనుకుంటే పొరపాటు. కొసొవోను భారత్ గుర్తించదు. 2018లో ఢిల్లీలో మహిళల ప్రపంచ బాక్సింగ్ జరిగినప్పుడు కొసొవో బాక్సర్‌కు వీసా దొరకలేదు. 2019 ఫిబ్రవరిలో షూటింగ్ వరల్డ్ కప్‌కు పాకిస్తాన్ షూటర్లకు వీసా ఇవ్వకపోయేసరికి, భారత్‌లో పోటీల నిర్వహణ గురించిన చర్చలన్నీ ఒలింపిక్ కమిటీ ఆపేసింది. అర్హత ఉన్న క్రీడాకారులందరినీ రానిస్తామని జూన్‌లో ప్రభుత్వం రాతపూర్వకంగా హామీ ఇచ్చాకే ఆ ఆంక్ష తొలగింది.

2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు వచ్చాయి. స్కాట్లండ్, వేల్స్, జెర్సీ, గెర్న్‌సీ దీవులు విడివిడి జెండాలతో అక్కడ నడుస్తాయి. వాళ్ల చేతిలో ఉండేవి బ్రిటిష్ పాస్‌పోర్టులే కాబట్టి వీసా దగ్గర చిక్కు రాదు. కొసొవో కామన్వెల్త్‌లో లేదు. 2036 ఒలింపిక్స్‌ మనకే కావాలని అడుగుతున్నాం, అందులో కొసొవో ఉంటుంది. మన ప్రభుత్వం గుర్తించని పాస్‌పోర్టు పట్టుకుని ఒక జూడో క్రీడాకారిణి ఇమిగ్రేషన్ కౌంటరు దగ్గరికి వస్తుంది. ఆమెను లోపలికి రానివ్వాలి, ఆమె గెలిస్తే ఆ దేశపు జెండా మన గడ్డ మీద ఎగరాలి, గీతం వినిపించాలి. ఇదంతా ఆ దేశాన్ని గుర్తించినట్టు కాదని విదేశాంగ శాఖ అదే రోజు ఒక ప్రకటన కూడా ఇవ్వాల్సి రావచ్చు.